బరువులెత్తితే రక్తనాళాలు బిగుసుకుపోతాయా? ఆడవాళ్ల విషయంలో లెక్క ఎక్కడ తప్పుతోంది

గుండె బాగుండాలంటే ఏం చేయాలని అడిగితే ఎవరైనా చెప్పే మాట ఒకటే: నడవండి. ఆడవాళ్లకైతే ఆ సలహా మరీ ఎక్కువగా అందుతుంది. డంబెల్స్ పట్టుకుంటామంటే మాత్రం రెండు అభ్యంతరాలు ఎదురొస్తాయి. మగవాళ్లలా కండలు తిరుగుతాయన్నది మొదటిది. దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టెరాన్ మగవాళ్లతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. కావాలని ఏళ్ల తరబడి పట్టుబట్టినా అలాంటి కండలు రావడం కష్టమే. రెండో అభ్యంతరం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బరువులెత్తితే బీపీ పెరుగుతుందని, రక్తనాళాలు గట్టిపడతాయని, అందుకే గుండెకు అది మంచిది కాదని అంటారు. ఇది ఒట్టి పుకారు కాదు, దీని వెనక నిజంగా పరిశోధనలున్నాయి. చిక్కల్లా ఆ పరిశోధనలు ఎవరి మీద జరిగాయి, దేన్ని కొలిచాయి అన్న దగ్గరే.

నాళంలో కొలవాల్సింది ఒక్కటి కాదు

ధమని గోడలో మూడు పొరలుంటాయి. అన్నిటికంటే లోపలిది ఎండోథీలియం. ఒకే ఒక్క కణం మందాన పరుచుకుని ఉండే పొర ఇది. రక్తాన్ని నేరుగా తాకేది ఇదే. మధ్య పొరలో మృదు కండరం, సాగే గుణమున్న ఎలాస్టిన్, సాగని కొలాజెన్ ఉంటాయి. పైన గట్టి తొడుగు ఉంటుంది.

ఎండోథీలియాన్ని చాలాకాలం పాటు గోడకు వేసిన పూతలాగే చూశారు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ప్రయోగాలతో ఆ అభిప్రాయం మారిపోయింది. లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటే అసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి ధమని వదులవుతోంది. ఆ పొరను గీకేస్తే వదులవడం మానేస్తోంది. అంటే వదులవమని మధ్య పొరకు కబురు పంపుతున్నది ఎండోథీలియమే. ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఈ పనికి ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

నైట్రిక్ ఆక్సైడ్ నాళాన్ని వదులు చేయడంతోనే ఆగదు. రక్తఫలకికలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది, తెల్ల రక్తకణాలు గోడకు అంటుకోకుండా అడ్డుపడుతుంది. కొవ్వు పేరుకోవడం మొదలయ్యేది ఈ పొర దెబ్బతిన్న చోటే కాబట్టి ఎండోథీలియం పనితీరు ఎలా ఉందన్నది మొదటి కొలత.

రెండోది పెద్ద ధమనులకు సాగే గుణం ఎంత ఉందన్నది. గుండె ఒక్కసారి కొట్టుకోగానే బృహద్ధమని కాస్త ఉబ్బి, వచ్చిన రక్తంలో కొంత భాగాన్ని తనలో ఉంచుకుని, గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో ముందుకు నెడుతుంది. అందుకే చిన్న నాళాల్లోకి రక్తం కుదుపుల్లేకుండా చేరుతుంది. గోడ గట్టిపడితే ప్రతి దెబ్బా నేరుగా మెదడు, మూత్రపిండాల్లోని సన్నటి నాళాలకు తగులుతుంది. పైగా గుండె ఎక్కువ బలంతో కొట్టుకోవాల్సి వస్తుంది. మూడోది అందరికీ తెలిసిందే, బీపీ.

ఈ మూడూ కలిసి నడవాలనేం లేదు. ఒకే వ్యాయామం ఒకదాన్ని బాగుచేసి, ఇంకొకదాన్ని ముట్టుకోకుండా వదిలేయొచ్చు. మూడోదాన్ని కొంతకాలం కాస్త పాడుచేయనూ వచ్చు. బరువులెత్తడం మంచిదా చెడ్డదా అన్న గొడవలో సగం, ఒకరు ఒక కొలత గురించి, ఇంకొకరు ఇంకో కొలత గురించి మాట్లాడుకోవడం వల్ల పుట్టిందే.

బరువు లేపిన ఆ రెండు క్షణాలు

లెగ్ ప్రెస్ మెషీన్ మీద కూర్చుని బరువును కాళ్లతో నెడుతున్నారనుకుందాం. నెట్టే ముందు ఊపిరి నిండా పీల్చి బిగబడతారు. బరువు మరీ ఎక్కువైతే ఇది మనం అనుకోకుండానే జరిగిపోతుంది. గొంతు మూసుకుంటుంది, ఛాతీలో ఒత్తిడి పెరుగుతుంది. 17వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు ఆంటోనియో వాల్సాల్వా పేరుతో పిలిచే చర్య ఇదే. అదే సమయంలో తొడ కండరాలు బిగుసుకుని, వాటి మధ్యగా వెళ్లే చిన్న నాళాలను నొక్కేస్తాయి. గుండె పంపుతున్న రక్తానికి దారి ఇరుకవుతుంది. ఇటు ఛాతీ ఒత్తిడి, అటు ఇరుకైన దారి, రెండూ కలిసి బీపీని ఒక్కసారిగా పైకి లేపుతాయి.

ఎంత పైకి? 1985లో మెక్‌డూగల్ బృందం అనుభవమున్న బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి సన్నటి గొట్టం పెట్టి నేరుగా కొలిచింది. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు సగటున 320/250 వచ్చింది. ఒకరికైతే 480/350 దాటింది. ఈ అంకెలు చూసి భయపడని వాళ్లుండరు. వెయిట్ ట్రైనింగ్ ప్రమాదం అని చెప్పడానికి ఇప్పటికీ వీటినే చూపిస్తుంటారు.

అయితే వాళ్లు సాధన చేసిన మగ బాడీబిల్డర్లు, ఎత్తినవి తమ శక్తికి హద్దుల్లో ఉన్న బరువులు, అదీ ఇక లేపలేమనేదాకా. పైగా ఆ ఒత్తిడి ఉండేది క్షణాలు మాత్రమే. బరువు దింపి ఊపిరి వదలగానే అంతే వేగంగా పడిపోతుంది. దించిన తర్వాత జరిగేది అసలు విషయం. నొక్కుకుపోయిన నాళాలు ఒక్కసారిగా తెరుచుకుని, ఆకలిగా ఉన్న కండరంలోకి రక్తం జోరుగా ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం గోడను రాసుకుంటూ పోతుంటే ఎండోథీలియం దాన్ని పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది. నడకలో, పరుగులో ఎండోథీలియానికి మేలు చేసేది కూడా ఈ రాపిడే. నడకలో అది ఒకే తీరుగా, ఆగకుండా సాగుతుంది. బరువులప్పుడు ఆగి ఆగి, విడతలు విడతలుగా వస్తుంది.

అలవాటు ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. ఎప్పుడూ వ్యాయామం చేయనివాళ్లు ఒక్కసారిగా భారీ బరువులెత్తితే, ఆ తర్వాత కొద్దిసేపు వాళ్ల ఎండోథీలియం పనితీరు తగ్గుతుందని పరిశోధనల్లో కనిపించింది. క్రమం తప్పకుండా సాధన చేసేవాళ్లలో అదే పనికి ఆ తగ్గుదల కనిపించలేదు. నాళాలు ఆ ఒత్తిడిని తట్టుకోవడం నేర్చుకుంటాయన్నమాట. మొదటి వారంలోనే మోజుకొద్దీ బరువులు పెంచుకుంటూ పోవడం ఎందుకు మంచిది కాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. మోకాళ్లూ నడుమూ పట్టేయడం ఒక్కటే కారణం కాదు.

గట్టిపడతాయన్న మాట ఎక్కడ పుట్టింది

2004లో జపాన్ పరిశోధకుడు మియాచీ బృందం ఆరోగ్యవంతులైన యువకుల చేత నాలుగు నెలలు బరువులెత్తించింది. మెడలోని కెరోటిడ్ ధమని సాగే గుణం సుమారు 19 శాతం తగ్గింది. బరువులు మానేసిన నాలుగు నెలలకు మళ్లీ మొదటి స్థాయికే వచ్చింది. ఆ ఫలితం చాలా చర్చకు దారితీసింది. బరువులంటే నాళాలు గట్టిపడటమే అన్న మాట అలా పాకింది. మళ్లీ మామూలైందన్న సంగతి మాత్రం అంతగా పాకలేదు.

వయసు మీద పడితే వచ్చే గట్టిదనం వేరు. అందులో ఎలాస్టిన్ అరిగిపోతుంది, కొలాజెన్ పేరుకుంటుంది, కాల్షియం చేరుతుంది. అది నాలుగు నెలల్లో వచ్చి నాలుగు నెలల్లో పోయే వ్యవహారం కాదు. యువకుల్లో కనిపించింది చాలావరకు మధ్య పొరలోని మృదు కండరం బిగువుగా ఉండటం వల్లే అయి ఉంటుందన్నది ఎక్కువమంది అనుమానం. నాకూ అదే సబబుగా అనిపిస్తుంది.

మరి ఆడవాళ్ల సంగతి? 2005లో కార్టెజ్-కూపర్ బృందం యువతుల చేత 11 వారాలు భారీ బరువులతో శిక్షణ చేయించింది. గుండె కొట్టిన అల మెడ నుంచి తొడ మొదలు దాకా ఎంత వేగంగా ప్రయాణిస్తుందో కొలిచారు. గోడ ఎంత గట్టిగా ఉంటే అల అంత త్వరగా పరుగెడుతుంది. ఆ వేగం సెకనుకు సుమారు 7.9 మీటర్ల నుంచి 8.3కి పెరిగింది. అంటే ఆడవాళ్లకూ మినహాయింపు లేదు, భారీ బరువులతో మొదటి కొన్ని వారాల్లో కాస్త గట్టిదనం రావచ్చు. కాకపోతే ప్రమాద సంకేతంగా యూరప్ నిపుణులు పెట్టిన గీత సెకనుకు 10 మీటర్లు. 0.4 మీటర్ల పెరుగుదలను ఆ గీత పక్కన పెట్టి చూస్తే భయపడాల్సినంత లేదు.

నాలుగేళ్ల తర్వాత, 2009లో, యోషిజావా బృందం 32 నుంచి 59 ఏళ్ల మహిళల మీద ఇంకో ప్రయోగం చేసింది. ఈసారి బరువులు మధ్యస్థం, 12 వారాలు. ధమనులు గట్టిపడలేదు. బలం మాత్రం పెరిగింది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని అనుకోనక్కర్లేదు. మోతాదు మారితే ఫలితం మారుతుందని చెబుతున్నాయి.

మూడోది నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది. 2006లో ఓల్సన్ బృందం అధిక బరువున్న 30 మంది మహిళలను ఏడాది పాటు గమనించింది. కొందరికి మధ్యస్థాయి వెయిట్ ట్రైనింగ్, మిగతావాళ్లకు లేదు. ఏడాది తర్వాత బరువులెత్తినవాళ్ల ఎండోథీలియం పనితీరు స్పష్టంగా మెరుగైంది. కెరోటిడ్ గోడ మందంలో మాత్రం తేడా రాలేదు. ఒక కొలత బాగుపడి ఇంకొకటి కదలకపోవడం అంటే ఇదే. పని చేసే తీరు నెలల్లో మారుతుంది, గోడ నిర్మాణం మారాలంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

ఈ ఎండోథీలియం పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఆడవాళ్ల మీద పరిశోధనలు ఎందుకు తక్కువో కూడా అర్థమవుతుంది. పరగడుపున, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వెల్లకిలా పడుకోబెడతారు. మోచేతికి కాస్త పైన అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి ధమని వెడల్పు కొలుస్తారు. అది మామూలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లు. ముంజేతికి బీపీ పట్టీ కట్టి, రక్తం ఆగిపోయేదాకా గాలి నింపి, ఐదు నిమిషాలు అలాగే ఉంచుతారు. చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పట్టీ వదలగానే రక్తం జోరుగా పారుతుంది. ఎండోథీలియం బాగుంటే ఆ రాపిడికి ధమని నిమిషం తిరక్కుండానే వెడల్పవుతుంది. ఆరోగ్యవంతుల్లో ఈ పెరుగుదల 5 నుంచి 10 శాతం దాకా, అంటే మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు. ఇంత సూక్ష్మమైన కొలత మీద ఏది ప్రభావం చూపినా లెక్క తారుమారవుతుంది. నెలసరి చక్రంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి తగ్గుతుంటే ఈ అంకె కూడా దాంతోపాటే మారుతుంది. కాబట్టి మహిళలను తీసుకుంటే ప్రతిసారీ నెలలో ఒకే దశలో పరీక్ష చేయాలి. ఈ తలనొప్పి ఎందుకని చాలామంది పరిశోధకులు యువకులతోనే సరిపెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ఫలితాలనే అందరికీ అంటగట్టారు.

ఈస్ట్రోజెన్ ఉన్నప్పుడు, లేనప్పుడు

ఈస్ట్రోజెన్ రక్తనాళాలకు పెద్ద అండ. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును చురుగ్గా ఉంచుతుంది, ఆ వాయువును ధ్వంసం చేసే ఆక్సిడేటివ్ ఒత్తిడిని అదుపులో పెడుతుంది. 1994లో సెలెర్మేజర్ బృందం వివిధ వయసుల ఆరోగ్యవంతులను పరీక్షించి చూస్తే, మగవాళ్లలో 40 దాటాక ఎండోథీలియం పనితీరు తగ్గడం మొదలైంది. ఆడవాళ్లలో 50ల మొదటి సంవత్సరాల దాకా అది చెక్కుచెదరలేదు. అక్కణ్నుంచి మాత్రం మగవాళ్లకంటే రెట్టింపు వేగంతో జారిపోయింది. మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం) తర్వాత ఆడవాళ్ల బీపీ, ధమనుల గట్టిదనం ఒక్కసారిగా ఎందుకు పుంజుకుంటాయో దీన్నిబట్టి ఊహించొచ్చు.

ఇంతకాలం రక్షణ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ, ఆడవాళ్లలో బీపీ పెరిగే వేగం 20ల నుంచే మగవాళ్లకంటే ఎక్కువగా ఉందని చూపింది. గర్భధారణ సమయంలో ప్రీఎక్లాంప్సియా, అంటే అధిక బీపీతో కూడిన సమస్య, వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు ఆడవాళ్లలో ఒంటి సైజును లెక్కలోకి తీసుకున్నా మగవాళ్లవాటికంటే సన్నం. పెద్ద ధమనిలో అడ్డంకి లేకపోయినా అతి చిన్న నాళాలు సరిగ్గా వదులవక ఛాతీనొప్పి రావడం ఆడవాళ్లలోనే ఎక్కువ. యాంజియోగ్రామ్ బాగుంది, మీకేం లేదు, టెన్షన్ వల్లే అని చెప్పి పంపేసిన సందర్భాల్లో కొన్ని ఇవే. అది ఇంకో పెద్ద కథ.

నడకే చాలు అనే సలహాకు ఇక్కడే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. వయసు పైబడిన మగవాళ్లు కొన్ని వారాలు క్రమంగా నడిస్తే ఎండోథీలియం పనితీరు మెరుగుపడుతుంది. మెనోపాజ్ దాటిన మహిళలు అంతే నడిచినా ఆ ఫలితం నమ్మకంగా రావడం లేదు. 2013లో మోరో బృందం మెనోపాజ్ దాటిన మహిళల్లో కొందరికి ఈస్ట్రోజెన్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా వ్యాయామం చేయించింది. ఈస్ట్రోజెన్ తీసుకున్నవాళ్లలోనే ఎండోథీలియం మెరుగైంది. నడక వృథా అని దీని అర్థం కాదు, దాని మిగతా లాభాలన్నీ ఉన్నాయి. గుండె కోసమని హార్మోన్ మాత్రలు మొదలుపెట్టాలనీ కాదు. కేవలం గుండె జబ్బు రాకుండా హార్మోన్లు వాడొద్దని వైద్య సంఘాలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఒక్క దారి మీదే ఆధారపడితే ఈ వయసులో సరిపోకపోవచ్చన్నది మాత్రం గమనించాలి.

మెనోపాజ్ తర్వాత బరువులెత్తడం ఎండోథీలియాన్ని నేరుగా ఎంత బాగుచేస్తుందన్న దానిపై జరిగినవి చిన్న ప్రయోగాలు, వచ్చినవి మిశ్రమ ఫలితాలు. అక్కడ గొప్పలు చెప్పడానికేం లేదు. అయితే రక్తనాళాలకు మేలు చేసే దారి వాటి గోడ గుండానే వెళ్లాలని రూలేం లేదు.

కండరం గుండా వెళ్లే దారి

తిన్న తర్వాత రక్తంలోకి వచ్చిన గ్లూకోజులో, ఇన్సులిన్ సాయంతో కణాల్లోకి వెళ్లేదాంట్లో అత్యధిక భాగాన్ని తీసుకునేది కండరాలే. మెనోపాజ్ చుట్టుపక్కల ఏళ్లలో కండ తగ్గుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతుంది. తూకంలో బరువు పెద్దగా మారకపోయినా లోపల ఈ మార్పిడి జరిగిపోతుంటుంది. కండ తగ్గితే షుగర్‌కు చోటు తగ్గుతుంది. రక్తంలో ఎక్కువసేపు తిరిగే షుగర్ ధమని గోడలోని కొలాజెన్ పోగులకు అంటుకుని వాటి మధ్య అడ్డుబంధాలు వేస్తుంది. గోడ గట్టిపడే అసలు తీరుల్లో ఇదొకటి. అదే షుగర్ ఎండోథీలియంలో నైట్రిక్ ఆక్సైడ్‌నూ దెబ్బతీస్తుంది.

బరువులెత్తినప్పుడు కండరం ఇన్సులిన్‌తో పనిలేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్‌కు మరింత బాగా స్పందిస్తుంది. కండ పెరిగితే ఆ గ్లూకోజుకు చోటు పెరుగుతుంది. నాళం గోడను ఏమీ చేయకపోయినా, గోడను పాడుచేసేదాన్ని తగ్గించినట్టే కదా. కొన్ని వారాల చిన్న ప్రయోగాల్లో ఈ లాభం కనిపించదు, ఏళ్ల మీద కనిపిస్తుంది.

బీపీ లెక్కలు మాత్రం ఇప్పుడు స్పష్టంగానే ఉన్నాయి. 2023లో 270 ప్రయోగాలను, 15,827 మందిని కలిపి చూసిన విశ్లేషణలో నడక, పరుగు లాంటి ఏరోబిక్ వ్యాయామాలు విశ్రాంతిలో ఉండే బీపీని సగటున 4.49/2.53 తగ్గించాయి. బరువులెత్తడం 4.55/3.04 తగ్గించింది. అంటే ఎత్తే క్షణంలో బీపీని పెంచే పనే మిగతా రోజంతా ఉండే బీపీని తగ్గిస్తోంది, అదీ నడకతో సమానంగా. ఇంకా ఆశ్చర్యం కదలకుండా బిగబట్టే వ్యాయామాలది. గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నిలబడటం లాంటివి 8.24/4.00 తగ్గించాయి. దానికి పరికరాలేం అక్కర్లేదు, కావాల్సిందల్లా తొడలు వణుకుతున్నా ఊపిరి వదులుతూ ఉండగలగడం.

వారానికి ఎంత?

2024లో అమెరికాలో నాలుగు లక్షలకు పైగా పెద్దవాళ్ల సమాచారంతో ఒక అధ్యయనం వెలువడింది. కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేస్తున్న మహిళల్లో, చేయనివాళ్లతో పోలిస్తే ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 19 శాతం తక్కువ. మగవాళ్లలో ఆ తేడా 11 శాతమే. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మాత్రమే తీసుకుంటే మహిళల్లో 30 శాతం, మగవాళ్లలో 11 శాతం. మగవాళ్లు వారానికి మూడుసార్లు చేసి పొందిన లాభం మహిళలకు ఒక్కసారితోనే వచ్చినట్టు కనిపించింది. విడ్డూరమేంటంటే, ఆ వ్యాయామం చేస్తున్నామని చెప్పిన మహిళలు 20 శాతమే. మగవాళ్లు 28 శాతం.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు మింగేయకూడదు. ఇది ప్రయోగం కాదు, జనం తాము ఏం చేస్తున్నామో చెప్పిన సమాచారాన్ని ఏళ్ల తర్వాత మరణాలతో జోడించి చూడటం. బరువులెత్తే తీరికా ఓపికా ఉన్న మహిళ మిగతా విషయాల్లోనూ మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. పరిశోధకులు ఆ తేడాలను లెక్కలతో సరిచేస్తారు గానీ అన్నిటినీ సరిచేయడం ఎవరి వల్లా కాదు. కాబట్టి 30 శాతాన్ని హామీగా తీసుకోవద్దు. బరువులు ఆడవాళ్ల గుండెకు చేటు అన్న భయానికి మాత్రం ఇంతమంది సమాచారంలో ఎక్కడా ఆధారం దొరకలేదు. నా దృష్టిలో అసలు లెక్క ఇది. నాలుగు నెలల్లో వచ్చిపోయే కాస్తంత గట్టిదనానికి భయపడి, దశాబ్దాల పాటు అందే లాభాన్ని వదులుకుంటున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం, పెద్దవాళ్లంతా వారానికి కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండరాలన్నిటికీ బలమిచ్చే వ్యాయామం చేయాలి. రక్తనాళాల వైపు నుంచి ఆలోచిస్తే మొదట పట్టించుకోవాల్సింది ఊపిరి. బరువు లేపేటప్పుడు నోటితో వదలాలి, దించేటప్పుడు ముక్కుతో పీల్చాలి. ఎంత బరువు వేస్తే ఊపిరి దానంతటదే బిగుసుకుంటోందో, అది మీ ప్రస్తుత స్థాయికి ఎక్కువన్నమాట. 10 నుంచి 15 సార్లు లేపగలిగి, ఆఖర్న ఇంకో రెండు మూడుసార్లకు ఓపిక మిగిలే బరువు మొదట్లో చాలు. నెలలు గడిచాక బరువు పెంచుకోవచ్చు, ఎముకల కోసం పెంచడం మంచిది కూడా. కానీ ఇక లేపలేననే దాకా ప్రతిసారీ వెళ్లనక్కర్లేదు.

నడకనూ బరువులనూ కలిపి చేసేటప్పుడు వరుస కూడా పట్టించుకోదగ్గదే. జపాన్‌లో ఒకామోటో బృందం 2007లో యువతరం మీద చేసిన ప్రయోగంలో బరువుల తర్వాత పరుగెత్తినవాళ్ల రక్తనాళాల పనితీరు బాగుపడింది. పరుగు ముందు, బరువులు తర్వాత చేసినవాళ్లలో ఆ మెరుగుదల రాలేదు. అదే బృందం 2009లో ఇంకో తేడా చూపింది. చేతుల వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ల ధమనులు గట్టిపడ్డాయి, కాళ్ల వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో అలా జరగలేదు. ఇవి చిన్న ప్రయోగాలే అయినా, పాటించడం వల్ల పోయేదేం లేదు. ముందు బరువులు, వాటిలో కాళ్లకూ తుంటికీ పెద్దపీట, ఆఖర్న ఇరవై నిమిషాల నడక.

కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లు బరువులంటే వెనకాడుతుంటారు. పిక్క కండరం బిగిసి వదిలిన ప్రతిసారీ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది కాబట్టి వాళ్లకు అది సాయమే. ఊపిరి బిగబట్టి భారీ బరువు లేపితే మాత్రం పొట్టలో ఒత్తిడి పెరిగి ఆ దారికే అడ్డుపడుతుంది.

డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడని వాళ్లు కొందరున్నారు. విశ్రాంతిలోనే బీపీ 180/110 దగ్గర ఉన్నవాళ్లు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. బృహద్ధమని ఉబ్బినవాళ్లు లేదా దాని గోడ చీలిన చరిత్ర ఉన్నవాళ్లు, మార్ఫాన్ సిండ్రోమ్ (బృహద్ధమని గోడను బలహీనపరిచే పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్లు, షుగర్ వల్ల కంటి రెటీనాలో కొత్త నాళాలు పుట్టుకొచ్చినవాళ్లు కూడా ఇందులోకే వస్తారు. కరోనరీ ధమని గోడ దానంతటదే చీలే సమస్య అరుదైనదే గానీ, అది వచ్చేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే. ఒకసారి వచ్చినవాళ్లు బిగబట్టి ఎత్తే భారీ బరువుల జోలికి వెళ్లకూడదు. తేలిక బరువులైనా డాక్టర్ల పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. గర్భిణులకు వేరే ఇబ్బందులేం లేకపోతే తేలిక, మధ్యస్థ బరువులు మంచివే. ఊపిరి బిగబట్టడం, నెలలు నిండేకొద్దీ ఎక్కువసేపు వెల్లకిలా పడుకుని చేయడం మానుకోవాలి.

బీపీకి, గుండె జబ్బుకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లు గుండె వేగాన్ని చూసి శ్రమను అంచనా వేసుకోకూడదు, ఆ మాత్రలు దాన్ని పెరగనివ్వవు. వాళ్లు వాచీ మీద అంకెను వదిలేసి, ఇంకెన్నిసార్లు లేపగలరన్నదే చూసుకోవాలి. ఇక బీపీ ఎలా ఉందో తెలుసుకోవాలనుకుంటే బరువులు దించిన వెంటనే చూసుకుంటే ఉపయోగం లేదు, అప్పుడు అంకె పైకీ కిందకీ ఊగుతుంటుంది. పొద్దున్నే లేచి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, వీపుకు ఆసరా ఇచ్చి, చెయ్యి గుండె ఎత్తున పెట్టి చూసుకోవాలి. మొదలుపెట్టే ముందు ఒక వారం, మూడు నెలలయ్యాక ఇంకో వారం ఆ అంకెలు రాసుకుంటే తేడా ఎంత ఉందో తెలుస్తుంది.